చలి సాయంత్రాలకు పెద్దకూర, కూరగాయల సూప్: పితికిపప్పుతో మొదటి నుంచి చివరిదాకా

ఈ సూప్ పాడయ్యేది చాలావరకు ఒకే కారణంతో. మాంసం, ఉర్లగడ్డ, క్యారెట్, టమేటా అన్నీ కలిపి కుక్కర్లో వేసి, ఎనిమిది విజిల్స్ రానిచ్చి దించేస్తారు. మూత తీసి చూస్తే ఉర్లగడ్డ కనపడదు, క్యారెట్ వేలితో నొక్కితే పిండి అవుతుంది, మాంసం మాత్రం ఇంకా సాగుతూనే ఉంటుంది. పెద్దకూర మెత్తబడడానికి రెండున్నర గంటలు కావాలి. క్యారెట్‌కి పావుగంట చాలు. కాబట్టి దీన్ని ఒకే గిన్నెలో చేసే రెండు వంటలుగా చూడాలి: మొదట మాంసం, ఎముకలతో చిక్కటి రసం, ఆ తర్వాత అందులో కూరగాయలు, ఒక్కొక్కటీ దాని సమయానికి.

పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు డిసెంబర్, జనవరిలో పొద్దుగుంకితే చలి మొదలవుతుంది. నాలుగు వేల అడుగులకు పైన ఉన్న హార్స్‌లీ హిల్స్ సంగతి చెప్పనక్కర్లేదు. తిరుపతిలో అంత చలి ఉండదు గానీ, ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టిన నవంబర్ సాయంత్రాలకు కూడా ఈ సూప్ బాగా సరిపోతుంది. పైగా ఆ చలికాలంలోనే మనకు అనపకాయలు వస్తాయి. సూప్‌కి చిక్కదనం కోసం బార్లీ, మొక్కజొన్న పిండి వెతుక్కునే పని లేకుండా అనపగింజల్ని నానబెట్టి పొట్టు పితికి తీసిన పితికిపప్పే ఆ పని చేస్తుంది.

మాంసం, ఎముకలు

ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి చట్టం ప్రకారం గోవధ నిషేధం. అందుకని ఇక్కడి కొలతలు, సమయాలు అన్నీ ఎనుము (గేదె) మాంసానికి చెప్పినవి. ఎనుము మాంసం ముదురు ఎరుపులో ఉంటుంది, కొవ్వు తెల్లగా ఉంటుంది. కండలో కొవ్వు తక్కువ, నార ముతక. మంట మీద తొందరపెడితే గట్టిపడుతుంది, ఓపికగా ఉడికిస్తే దీనంత రుచి ఇంకేదీ ఇవ్వదు.

ఆరుగురికి కడుపునిండా సరిపోవాలంటే ముప్పావు కిలో కండ, అరకిలో నల్లి ఎముకలు తీసుకోండి. కండలో ముందుకాలి పిక్క అడగండి. అది దొరక్కపోతే మెడ దగ్గరిది. పిక్క కండలో తెల్లటి పొరలు, నరాలు కనిపిస్తాయి. వాటిని తీసేయమని దుకాణంలో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. తీయించకండి. ఆ పొరల్లో ఉండే కొలాజెన్ సన్నని వేడికి గంటల తరబడి కరిగి జెలటిన్ అవుతుంది. సూప్ తాగేటప్పుడు పెదవులకు కొద్దిగా అంటుకునే ఆ జిగురు అక్కడి నుంచే వస్తుంది. కొవ్వూ పొరలూ లేని వెనకతొడ కండ తెచ్చుకుంటే రెండు గంటల తర్వాత రసం పలచగా, ముక్క పీచుపీచుగా మిగులుతుంది.

నల్లి ఎముకల్ని రెండు మూడు అంగుళాల ముక్కలుగా రంపంతో కోయించుకోండి. కత్తితో కొట్టిస్తే చిన్న చిన్న పెచ్చులు ఊడి రసంలో పడతాయి, పిల్లల గొంతులో గుచ్చుకునే ప్రమాదం ఉంది. ఎలా కోయించినా ఎముక పొడి అంటుకునే ఉంటుంది, నీళ్ల కింద వేలితో రుద్ది కడగాలి.

తాజా మాంసం తళతళలాడుతూ, నొక్కితే మళ్లీ పైకి లేస్తుంది. పులిసిన వాసన, పైన జిగట, పచ్చటి మెరుపు ఉంటే వద్దు. ఇంకో సంగతి. పొద్దున కోసిన మాంసాన్ని కొన్ని గంటల తర్వాత వండితే అన్నిటికన్నా గట్టిగా ఉంటుంది, ఎందుకంటే అప్పటికి కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. ఒక రాత్రి ఫ్రిజ్‌లో కింది అరలో మూతపెట్టి ఉంచితే ఆ బిగువు కొంత సడలుతుంది. శనివారం తెచ్చుకుని ఆదివారం వండుకోవడం మేలు.

మిగతా సామాన్లు

ఎర్రగడ్డలు రెండు మధ్యస్థమైనవి, తెల్లగడ్డ పది రెబ్బలు, అంగుళం అల్లం, శెనక్కాయ నూనె మూడు పెద్ద చెంచాలు. పసుపు పావు చెంచా, ధనియాల పొడి రెండు చెంచాలు. గుడ్డలో మూట కట్టడానికి ఒక చెంచా మిరియాలు, అంగుళం దాల్చినచెక్క, మూడు లవంగాలు, ఒక బిర్యానీ ఆకు. చివర్లో వేయడానికి విడిగా ఒకటిన్నర చెంచా మిరియాలు, కచ్చాపచ్చాగా దంచినవి. ఉప్పు మొత్తం నాలుగు నుంచి ఐదు చెంచాలు పడుతుంది గానీ ఒకేసారి కాదు. ఈ కొలతల్లో చెంచా అంటే టీ చెంచా.

కూరగాయలు: ఉర్లగడ్డ పావుకిలో, క్యారెట్ 200 గ్రాములు, నూల్కోల్ 150 గ్రాములు, బీన్స్ 100 గ్రాములు, క్యాబేజీ ఒక గుప్పెడు, టమేటా పావుకిలో, పితికిపప్పు ఒక కప్పు. నూల్కోల్ దొరక్కపోతే బెంగళూరు వంకాయ (చౌచౌ) వేయొచ్చు. ముల్లంగి వేస్తే దాని వాసనే పైకొస్తుంది, బీట్‌రూట్ వేస్తే రంగూ తీపీ రెండూ చెడతాయి. వంకాయ, బెండకాయ ఈ సూప్‌కి పనికిరావు.

నీళ్లు మూడు లీటర్లు. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు గడుసు. ఆ నీళ్లలోని సున్నం పప్పుగింజల్ని, ఉర్లగడ్డని తొందరగా మెత్తబడనివ్వదు. తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్లే పోయండి.

పితికిపప్పు ముందురోజే

అనపకాయలైతే అరకిలోకు పైనే కావాలి. కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని వాసన చూడండి. మంచు పడే రోజుల్లో కోసిన కాయకి సొగసైన వాసన ఉంటుంది, వేళ్లకు అంటుకుంటుంది. ఆ వాసన లేని కాయ సూప్‌లోనూ చప్పగానే ఉంటుంది.

గింజలు ఒలిచి, మునిగేలా నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టండి. పొద్దునకి పొట్టు వదులవుతుంది. గింజని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, మొలక వచ్చే కొసను అవతలికి తిప్పి నొక్కితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, పొట్టు వేళ్ల మధ్య మిగులుతుంది. తిప్పకుండా నొక్కితే పప్పు చితుకుతుంది. ఒక కప్పు పితకడానికి పావుగంట పడుతుంది. ఇంట్లో నలుగురు కూర్చుంటే మాటల్లోనే అయిపోతుంది. పితికిన పప్పు నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రం దాకా బాగుంటుంది, బయట పెడితే పులుస్తుంది.

సీజన్ కాకపోతే నానబెట్టిన ఎండు అలసందలు అరకప్పు వాడండి. వాటిని విడిగా ముప్పావు వంతు ఉడికించుకున్న తర్వాతే రసంలో వేయాలి.

మాంసాన్ని ఎర్రగా వేయించడం

రాత్రి ఏడున్నరకి తినాలంటే మధ్యాహ్నం మూడింటికి పొయ్యి వెలిగించాలి.

మాంసాన్ని నారకు అడ్డంగా, అంగుళంన్నర ముక్కలుగా కోసుకోండి. ఉడికేటప్పుడు ముక్క బాగా కుదించుకుపోతుంది, చిన్నవి కోస్తే చివరికి చెంచాకి దొరకవు. ఒక్కసారి కడిగి, చిల్లుల గిన్నెలో ఇరవై నిమిషాలు వార్చి, పొడి గుడ్డతో అద్దండి. ఈ అద్దడాన్ని వదిలేయకండి. ముక్క మీద తడి ఉన్నంతసేపు వేడి అంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, ముక్క నూరు డిగ్రీలు దాటదు. ఎర్రటి రంగు, ఆ కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలు దాటాలి.

మందపాటి అడుగున్న స్టీలు డబరాలో రెండు పెద్ద చెంచాల నూనె బాగా కాగనిచ్చి, ముక్కల్ని మూడు దఫాలుగా వేయించండి. ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీ ఉండాలి. వేసిన వెంటనే కలపొద్దు. రెండు మూడు నిమిషాలకి ముక్క దానంతట అదే అడుగు వదులుతుంది, అప్పుడు తిప్పండి. అడుగు అంటుకుని లాగితే రానంటే ఇంకా వేగలేదని అర్థం. అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే నీరు ఊరి, ముక్కలు బూడిదరంగులో ఉడుకుతాయి. తర్వాత ఎంత మసాలా వేసినా ఆ లోటు పూడదు.

వేగిన ముక్కలు తీసి పక్కన పెట్టి, అదే నూనెలో తరిగిన ఎర్రగడ్డ వేయండి. మంట తగ్గించి పది నిమిషాలు, అంచులు గోధుమరంగు వచ్చేదాకా. తర్వాత దంచిన అల్లం, తెల్లగడ్డ ఒక నిమిషం మాత్రమే, ఎందుకంటే తెల్లగడ్డ మాడితే చేదు మూడు లీటర్ల రసంలోనూ తెలుస్తుంది. పసుపు, ధనియాల పొడి వేసి తిప్పి, వెంటనే ఒక గ్లాసు నీళ్లు పోసి, అడుగున అంటిన గోధుమరంగు పొరని చెక్క గరిటెతో గీకండి. రుచి అంతా ఆ పొరలోనే ఉంది. ఒకవేళ అది గోధుమరంగు దాటి నల్లబడి ఉంటే మాత్రం గీకకండి, ఎర్రగడ్డని వేరే గిన్నెలోకి మార్చుకోండి.

రసం దిగడం

ఎముకలు, మిగతా నీళ్లు పోసి మధ్యస్థమైన మంట మీద పెట్టండి. నీళ్లు చల్లగానే ఉండాలి. చల్లటి నీళ్లలో మొదలైతే ఎముకల్లోని మాంసకృత్తులు నెమ్మదిగా బయటికొచ్చి పెద్ద తెట్టెలుగా తేలతాయి, తీయడం సులువు. మరిగే నీళ్లు పోస్తే అవి సన్నటి నలుసులై రసంలోనే తిరుగుతాయి, తేటబడదు.

మరగడానికి ముందు బూడిదరంగు తెట్టె లేస్తుంది. మొదటి పావుగంట పొయ్యి దగ్గరే ఉండి, పల్చటి గరిటెతో తీస్తూ ఉండండి. పెద్దకూరకి నీచు వాసన వస్తుందని అనేవాళ్లు ఈ పావుగంటని పట్టించుకోనివాళ్లే. తెట్టె తెల్లటి నురగగా మారాక ఆపేయొచ్చు. అప్పుడు వేయించిన ముక్కలు, మసాలా మూట, రెండు చెంచాల ఉప్పు వేయండి.

ఇక్కడ మంట సిమ్‌లోకి వెళ్లాలి. రసం ఉపరితలం మీద అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ లేస్తూ ఉండాలి, అంతే. తెర్లకూడదు. గట్టిగా మరిగిస్తే రెండు నష్టాలు. ముక్కల్లోని నార బిగిసి తనలోని నీటిని బయటికి తోసేస్తుంది, కరిగిన కొవ్వు చిన్న చిన్న బిందువులై రసంలో కలిసిపోయి జిడ్డుగా, మబ్బుగా మారుతుంది. అలా కలిసిన కొవ్వుని తర్వాత తీయలేం. మూత ఓరగా పెట్టి రెండున్నర గంటలు వదిలేయండి. అరగంటకొకసారి చూసి, రసం ఇంకి ముక్కలు పైకి కనబడితే మరిగే నీళ్లు పోయాలి, చల్లటివి కాదు.

రెండు గంటలకి ఒక ముక్క తీసి ఫోర్కుతో గుచ్చి చూడండి. లోపలికి దిగి, బయటికి తీసేటప్పుడు ముక్క ఫోర్కుకి వేలాడకుండా జారిపోతే అయినట్టే. వేలాడితే ఇంకో అరగంట. ముదురు పశువైతే మూడు గంటలు దాటుతుంది. దానికి మంట పెంచడం మందు కాదు.

అయ్యాక మసాలా మూట పిండి పారేయండి. ఎముకలు తీసి, మూలుగని సన్నటి చెంచా వెనకవైపుతో బయటికి తోసి, మెదిపి మళ్లీ రసంలో కలపండి. పైన తేలిన నూనె పొరని గరిటెతో తీసి ఒక రెండు చెంచాలు మాత్రం ఉంచండి. పెద్దకూర కొవ్వు చల్లారుతూనే గడ్డకట్టి అంగిలికి అంటుకుంటుంది, ఎక్కువ ఉంటే రెండో గిన్నె తాగబుద్ధి కాదు.

కుక్కర్‌తో చేసేవాళ్లకి

టైము లేనివాళ్లు వేయించే పని దాకా ఇలాగే చేసి, తెట్టె తీశాకే కుక్కర్ మూత పెట్టండి. నీళ్లు రెండు లీటర్లు చాలు, కుక్కర్ మూడింట రెండు వంతులు దాటి నిండకూడదు. మొదటి విజిల్ పెద్దమంట మీద, తర్వాత సిమ్‌లో 35 నుంచి 40 నిమిషాలు. విజిల్స్ లెక్కపెట్టడం కన్నా గడియారం చూడడం నమ్మకం. లోపల వేడి దాదాపు 120 డిగ్రీలు ఉంటుంది కాబట్టి పని తొందరగా అవుతుంది. ఆవిరి దానంతట అదే పోవాలి. వెయిట్ ఎత్తి బలవంతంగా వదిలితే లోపల రసం ఒక్కసారిగా తెర్లి, తేట చెడి, ముక్కలు ఎండుతాయి. తర్వాత మిగిలిన నీళ్లు కాచి కలిపి, కూరగాయలు మూత లేకుండానే ఉడికించండి.

కూరగాయలు, వరసగా

అన్నిటినీ ముప్పావు అంగుళం ముక్కలుగా కోసి, విడివిడిగా పెట్టుకోండి. రసం సన్నగా మరుగుతుండగా మొదట పితికిపప్పు, నూల్కోల్ వేయాలి. ఎనిమిది నిమిషాలకి ఉర్లగడ్డ, క్యారెట్. ఇంకో ఏడు నిమిషాలకి బీన్స్.

ఈలోగా పక్క పొయ్యి మీద మిగిలిన చెంచా నూనెలో తరిగిన టమేటా వేసి, చిటికెడు ఉప్పుతో, పచ్చివాసన పోయి గుజ్జుగా అయ్యేదాకా ఎనిమిది పది నిమిషాలు మగ్గించండి. మదనపల్లె టమేటాలో పండినది, గట్టిది చూసి తీసుకోండి. ఈ గుజ్జుని ఉర్లగడ్డ ముక్క కత్తిమొనకి మెత్తగా తగిలిన తర్వాతే రసంలో కలపాలి. ముందే కలిపితే ఆ పులుపుకి ఉర్లగడ్డ, క్యారెట్, పప్పు ఎంత ఉడికినా లోపల కరకరలాడుతూనే ఉంటాయి. కూరగాయ ముక్కని బిగించి పట్టే పెక్టిన్ పులుపులో కరగదు. గంటసేపు ఉడికినా ఉర్లగడ్డ గట్టిగానే ఉందని విసుక్కునేవాళ్ల సమస్య ఇదే, ఉర్లగడ్డది తప్పు కాదు.

టమేటాతో పాటే క్యాబేజీ, చీల్చిన పచ్చిమిరపకాయలు రెండు. ఎనిమిది నిమిషాల తర్వాత ఉప్పు చూడండి. రసం ఇంకి కొలత మారుతుంది కాబట్టి మిగతా ఉప్పు ఇప్పుడే, అరచెంచా చొప్పున వేస్తూ రుచి చూస్తూ పోవాలి. దంచిన మిరియాలు పొయ్యి ఆపే ముందు వేయండి. మిరియాల వాసన ఎక్కువసేపు మరిగితే ఎగిరిపోయి కారం ఒక్కటే మిగులుతుంది. కొత్తిమీర చల్లి, మూతపెట్టి పది నిమిషాలు ఆగండి.

చిక్కదనం చాలకపోతే నాలుగు ఉర్లగడ్డ ముక్కలు, గరిటెడు పితికిపప్పు తీసి మెదిపి కలపండి. ఇంకా చిక్కగా కావాలంటే ఒక పెద్ద చెంచా రాగిపిండిని అరగ్లాసు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సూప్ తిప్పుతూ సన్నటి ధారగా పోయండి. పొడిగా చల్లితే ఉండకట్టి ఉండ లోపల పచ్చిపిండి మిగులుతుంది. పోశాక ఎనిమిది నిమిషాలు ఉడకాలి. రంగు ముదురుతుంది గానీ చలిలో తాగడానికి రాగి బాగుంటుంది.

గిన్నెల్ని వేడినీళ్లతో తొలిచి పోసుకుంటే సూప్ తొందరగా చల్లారదు. పక్కన రొట్టె కన్నా రాగి సంగటే సరైన జోడీ: చిన్న ముద్దని గిన్నె మధ్యలో పెట్టి, చుట్టూ సూప్ పోసి, అంచుల నుంచి తుంచుకుంటూ తినాలి. అలా తినేటప్పుడు సూప్‌లో ఉప్పు ఒక పిసరు ఎక్కువే ఉండొచ్చు, సంగటి చప్పగా ఉంటుంది కాబట్టి.

తేడా వస్తే

ఉప్పు ఎక్కువైతే ఉర్లగడ్డ వేస్తే పీల్చుకుంటుందన్న మాట నమ్మకండి. అది ఉప్పునీళ్లనే పీలుస్తుంది, మిగిలిన రసం ఉప్పదనం అలాగే ఉంటుంది. ఉప్పు లేని వేడినీళ్లు, కొద్దిగా టమేటా గుజ్జు కలపడమే దారి. రసం చప్పగా, పలచగా ఉంటే ముక్కలు, కూరగాయలు తీసేసి రసాన్ని మాత్రం పెద్దమంట మీద పది నిమిషాలు ఇంకించండి. ముక్క మెత్తగానే ఉండి నోట్లో పొడిపొడిగా తగిలితే కండ ఎంపికలో తేడా. అప్పుడు ముక్కల్ని పీచులుగా విడదీసి రసంలో కలిపేస్తే తినేటప్పుడు తెలియదు.

పెద్దకూర తినని ఇళ్లలో ఇదే పద్ధతిలో పొట్టేలు మెడ, నల్లి ఎముకలతో చేసుకోవచ్చు. రసం సమయం గంటన్నరకి తగ్గించండి, దాల్చినచెక్క సగం చాలు. మిగతాదంతా మారదు.

ఫ్లాస్కులో పోసుకుని ప్రయాణం పెట్టుకునేవాళ్లకి ఒక మాట. తిరుమల కొండపైకి మాంసాహారం తీసుకెళ్లడం నిషేధం, అలిపిరి దగ్గర వాహనాలు తనిఖీ చేస్తారు. కొండకి వెళ్లే బండిలో ఈ ఫ్లాస్కు ఉండకూడదు.

మిగిలితే

చలికాలం కదా అని రాత్రంతా పొయ్యి మీదే వదిలేయకండి. ఎముకల రసంలో సూక్ష్మజీవులు చాలా తొందరగా పెరుగుతాయి. పొయ్యి ఆపిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. పెద్ద డబరాతో పెడితే లోపల గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, వెడల్పాటి రెండు మూడు గిన్నెల్లోకి సర్దండి. చన్నీళ్ల తొట్టిలో కాసేపు ఉంచితే ఇంకా తొందరగా చల్లారుతుంది.

మర్నాటికి రసం జెల్లీలా గట్టిపడితే మీ కొలత, మంట రెండూ సరిగ్గా ఉన్నాయి. పైన గడ్డకట్టిన తెల్లటి కొవ్వుని చెంచాతో పెచ్చులా ఎత్తేయొచ్చు. మూడు రోజుల్లోపు, కావలసినంతే తీసుకుని, ప్రతిసారీ తెర్లేదాకా కాచి తాగండి. ఫ్రీజర్‌లో రెండు నెలలు ఉంటుంది గానీ ఉర్లగడ్డ గరుగ్గా, నీళ్లోడుతూ తయారవుతుంది. ఫ్రీజర్‌కి పెట్టే ఉద్దేశం ఉంటే కూరగాయలు వేయకముందే ఆ వాటా రసం, ముక్కలు పక్కకు తీసి, తినే రోజు కూరగాయలు అప్పటికప్పుడు వేసి ఉడికించుకోండి.